నిదానమే ప్రధానం: రోగం వెనక ఉన్న ఆధిని వెతికే పాఠం

 

ఈ వారం వీడియోలో "ఆధివ్యాధులు" అనే మాట గురించి చెప్పుకున్నాం. సమయం చాలక అక్కడ వదిలేసిన విషయాలు ఇక్కడ రాస్తున్నాం. ఒక నోట్‌బుక్, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి. చివర్లో ఒక చిన్న సాధన ఉంది.

ముందు ఒక అబ్బాయిని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, మనలో చాలామందిది కలిపితే వచ్చే కథ. సొంతూరు తిరుపతి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వయసు ఇరవై ఎనిమిది. రెండేళ్లుగా కడుపులో మంట, తలనొప్పి, రాత్రి నిద్ర పట్టదు. మొన్న ఆఫీసు హెల్త్ చెకప్‌లో బీపీ కూడా ఎక్కువ ఉందన్నారు. ఎండోస్కోపీ చేయించాడు, నార్మల్. స్కాన్ తీయించాడు, అదీ నార్మల్. పొద్దున లేవగానే గ్యాస్ ట్యాబ్లెట్ వేసుకోవడం మాత్రం అలవాటైపోయింది.

అమ్మ ఫోన్‌లో "దిష్టి తగిలిందిరా నాయనా, శనివారం కొండకి రా" అంటుంది. ఫ్రెండు "అంతా స్ట్రెస్ మచ్చా, లైట్ తీసుకో" అంటాడు. డాక్టరు గారు చీటీ రాసిచ్చి "కాస్త టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ముగ్గురూ మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఆ టెన్షన్ ఏమిటి, ఎప్పుడు మొదలైంది, ఏ రోజు పెరుగుతోంది, ఏ రోజు తగ్గుతోంది అని కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరు. ఆ అబ్బాయి కూడా తనను తాను అడగలేదు.

ఈ పాఠం ఆ అడగడం గురించే.

మాటలోనే ఉన్న పాఠం

మన పెద్దవాళ్లు రోగాల గురించి మాట్లాడేటప్పుడు ఉత్త "వ్యాధులు" అనరు, "ఆధివ్యాధులు" అంటారు. వ్యాధి అంటే ఒంటికి వచ్చేది. ఆధి అంటే మనసుకు పట్టేది: దిగులు, భయం, తెగని ఆలోచన. రెంటినీ జంటగా పలకడం మన భాషలోనే ఉంది. చిత, చింత అనే మాటలకి ఒక్క సున్నానే తేడా అని మన నానమ్మలు చెప్పే మాట కూడా ఇదే.

యోగవాసిష్ఠంలో నిర్వాణ ప్రకరణంలో వసిష్ఠుడు ఈ సంగతి వివరంగా చెబుతాడు. మనసు అల్లకల్లోలమైతే ప్రాణం గతి తప్పుతుంది. ప్రాణం గతి తప్పితే తిన్నది సరిగా అరగదు. అరగనిది ఒంట్లో చేరి రోగమవుతుంది. ఇంతవరకు చాలామంది చెబుతారు. ఆ తర్వాత ఉన్న మాటను మాత్రం దాటేస్తారు. అన్ని రోగాలూ ఆధి నుంచే రావు, ఆధితో సంబంధం లేకుండా పుట్టేవి కూడా ఉన్నాయి, వాటికి మందులు కావాలి అని కూడా అక్కడే ఉంది. ఈ రెండో సగాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

ఇంకో మాట చూడండి. "నిదానమే ప్రధానం" అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. తొందరపడొద్దు అని దాని అర్థం. ఆయుర్వేదంలో మాత్రం "నిదానం" అంటే రోగానికి మూలకారణం. ఆ కారణాన్ని వెతకడం కూడా నిదానమే. కారణాన్ని వదిలించుకోవడాన్ని నిదాన పరివర్జనం అంటారు, చికిత్సలో అది మొదటి మెట్టు. కాబట్టి వైద్యశాస్త్రంలో కూడా నిదానమే ప్రధానం. ఆ వెతుకులాటని తొందరపడకుండా, నిదానంగానే చేయాలి.

మెట్ల మీద అలసిపోయిన పిల్లాడు

తాళ్లపాక చిన్నన్న తన తాతగారి చరిత్రను ద్విపదలో రాశాడు. అందులో ఒక ఘట్టం మన తిరుపతిలో అందరికీ తెలిసిందే. చిన్న వయసులో ఇల్లు వదిలి వచ్చిన అన్నమయ్య తిరుమల కొండ ఎక్కుతూ మోకాళ్ల ముడుపు దగ్గరికి వచ్చేసరికి సొమ్మసిల్లి పడిపోయాడు. ఆకలి, అలసట. కాళ్లకి చెప్పులున్నాయి. అలమేలుమంగమ్మ ప్రత్యక్షమై, ఈ కొండ అంతా సాలగ్రామమయం, చెప్పులతో ఎక్కకూడదు నాయనా, వాటిని విడిచిపెట్టు అని చెప్పింది. ఆ తర్వాత ప్రసాదం పెట్టింది.

ఈ కథని భక్తి కథగా ఎన్నోసార్లు విన్నాం. ఈసారి ఒక వైద్యుడి కళ్లతో చూడండి. అమ్మ "నీకేం కాదు, లే" అనలేదు. "నీ భక్తి చాలదు" అని తిట్టనూ లేదు. ముందు పిల్లాడి కాళ్ల వైపు చూసింది. ఏది అడ్డుగా ఉందో అది తీసేయమంది. ఆకలికి అన్నం పెట్టింది. కారణం ఒకటి, అవసరం ఒకటి. రెండూ చూశాకే నడక మళ్లీ మొదలైంది. మన కాళ్లకి ఏ చెప్పులున్నాయో చూసుకోవడమే నిదానం.

చరకుడు చెప్పిన మూడు కారణాలు

చరక సంహిత రోగకారణాలను మూడు మాటల్లో సర్దుతుంది. పేర్లు పెద్దవి, విషయం మాత్రం మన రోజువారీ బతుకే.

మొదటిది అసాత్మ్యేంద్రియార్థ సంయోగం. కన్ను, చెవి, నాలుక లాంటి ఇంద్రియాలకి అతిగా పని పెట్టడం, అసలు పెట్టకపోవడం, తప్పుగా పెట్టడం. రోజుకు పన్నెండు గంటలు స్క్రీన్ చూస్తే అతి. రోజంతా ఏసీ గదిలో ఉండి ఎండ మొహం చూడకపోతే లేమి. రీల్స్ చూస్తూ ఏం తింటున్నామో తెలియకుండా తినడం తప్పు వాడకం.

రెండోది ప్రజ్ఞాపరాధం. అంటే బుద్ధి చేసే తప్పు. ఇది మంచిది కాదని తెలుసు, అయినా చేస్తాం. రాత్రి ఒంటిగంటకి "ఇంకొక్క ఎపిసోడ్" అనుకోవడం దీనికి మంచి ఉదాహరణ. దీని కిందే చరకుడు ఇంకో పెద్ద విషయం పెట్టాడు: ఆపకూడని వేగాలను ఆపుకోవడం. అవి పదమూడు. మూత్రం, ఆకలి, దప్పిక, నిద్ర, ఆవలింత, తుమ్ము ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ జాబితాలో కన్నీళ్లు కూడా ఉన్నాయని మీలో ఎంతమందికి తెలుసు? ఏడుపు వస్తే ఆపుకోవడం రోగకారణం అని రెండు వేల ఏళ్ల నాటి మన వైద్య గ్రంథం చెబుతోంది. "మగాడివి, ఏడుస్తావేంట్రా" అనే మాట ఏ శాస్త్రంలోదో మరి! ఇక ఆపుకోవాల్సినవి కూడా ఉన్నాయి, అవి వేరే: లోభం, కోపం, ఈర్ష్య, భయం లాంటివి. మనం ఎక్కువగా తిరగేసి చేస్తున్నాం. మీటింగ్ మధ్యలో లేవలేక మూత్రం ఆపుకుంటాం, వచ్చిన కోపాన్ని మాత్రం ఇంటికి తెచ్చి వదులుతాం.

మూడోది పరిణామం, అంటే కాలం. ఋతువులు, వయసు, పగలు రాత్రి. తిరుపతి మే నెల ఎండ ఒంటి మీద ఎలా పనిచేస్తుందో మనకు చెప్పనక్కర్లేదు. నైట్ షిఫ్ట్ అంటే కాలాన్ని తలకిందులు చేసుకోవడమే.

సైన్సు ఏం అంటోంది?

1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. మాంట్రియల్‌లో ఎలుకల మీద ప్రయోగాలు చేస్తూ ఒక వింత గమనించాడు. చలిలో పెట్టినా, గాయం చేసినా, విషపదార్థం ఇచ్చినా ఒంట్లో వచ్చే మార్పులు ఒకేలా ఉన్నాయి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. దెబ్బ ఏదైనా శరీరం ఇచ్చే జవాబు ఒకటే. మనం ఇవాళ వాడే "స్ట్రెస్" అనే మాట వైద్యంలో స్థిరపడింది ఆయన వల్లే.

లోపల జరిగేది ఇది. మెదడులో హైపోథాలమస్ పిట్యూటరీకి కబురు పంపుతుంది, పిట్యూటరీ అడ్రినల్ గ్రంథులకి పంపుతుంది. కార్టిసాల్, అడ్రినలిన్ విడుదలవుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, అరుగుదల నెమ్మదిస్తుంది. పులి ఎదురైనప్పుడు ఇది ప్రాణం కాపాడే ఏర్పాటు. పులి వెళ్లిపోతే అంతా మామూలవుతుంది. ఈఎంఐ మాత్రం వెళ్లిపోదు, ప్రతి నెలా ఐదో తారీఖున వస్తుంది.

1993లో మెక్‌యూవెన్, స్టెల్లార్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇలా ఏళ్ల తరబడి పేరుకునే అరుగుదలకి "అలోస్టాటిక్ లోడ్" అని పేరు పెట్టారు. మన ఊళ్లలో పాత బావి గట్టు చూశారా? రాయి ఎంత గట్టిదైనా చేదతాడు రోజూ ఒరుసుకుంటే గాడి పడుతుంది. ఒక్కరోజు తాడు వల్ల కాదు, రోజూ అదే చోట రాపిడి వల్ల. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్లను పరిశీలించింది. ముఖ్యమైన తొమ్మిది కారణాల్లో పొగతాగడం, బీపీ, షుగర్ పక్కనే మానసిక, సామాజిక ఒత్తిడి కూడా ఉంది.

కానీ ఆగండి: అంతా ఒత్తిడే అనుకోవద్దు

ఇక్కడే చాలామంది జారిపోతారు. "నా రోగాలన్నీ మనసువే, ట్యాబ్లెట్లు ఎందుకు" అని మందులు ఆపేస్తారు. ఇందులో ప్రాణాపాయం ఉంది, అందుకే రెండు ఉదాహరణలు చెబుతాను.

ఒకటి కడుపులో పుండు. "టెన్షన్ వల్లే అల్సర్" అని దశాబ్దాలపాటు డాక్టర్లే నమ్మారు. 1980ల్లో ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ చాలా అల్సర్లకి కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా అని చూపించారు. యాంటీబయాటిక్స్‌తో అవి నయమవుతున్నాయి. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. "మనసు తేలిక చేసుకో" అనే సలహాతో సరిపెట్టుకుని ఎంతమంది ఏళ్లకేళ్లు బాధపడ్డారో ఆలోచించండి.

రెండోది మన ఇంటి పక్కదే. పాత చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది. వందేళ్ల కిందట, క్షయకు మందు లేని రోజుల్లో, అక్కడ టీబీ శానిటోరియం కట్టారు. చల్లని గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇంటి బాధలకు దూరంగా ప్రశాంతత. అప్పటికి మనిషి చేయగలిగింది అదే. దూర ప్రాంతాల నుంచి కూడా రోగులు వచ్చేవారు. తర్వాత మందులు వచ్చాయి. 1950ల చివర్లో మద్రాసులో ఒక ప్రసిద్ధ అధ్యయనం జరిగింది. కొందరు టీబీ రోగులకి శానిటోరియంలో, కొందరికి వాళ్ల ఇళ్లలోనే మందులు ఇచ్చారు. మద్రాసు పేద ఇళ్లు, ఇరుకు గదులు, అంతంతమాత్రం తిండి. అయినా మందు సరిగా వాడితే ఇంట్లో ఉన్నవాళ్లు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారు. 1959లో వచ్చిన ఈ ఫలితం ప్రపంచమంతా టీబీ వైద్యం చేసే పద్ధతినే మార్చేసింది.

గాలి, తిండి, ప్రశాంతత వృథా అని దీని అర్థం కాదు. క్షయ రోగికి మంచి తిండి ఇవాళ్టికీ ముఖ్యమే. క్రిమి వల్ల వచ్చిన రోగానికి క్రిమిని చంపే మందు ముందు పడాలి, మిగతావన్నీ దానికి తోడు. వసిష్ఠుడు చెప్పిన రెండో సగం ఇదే.

అందుకే ఒక నియమం పెట్టుకుందాం. రెండు వారాలు దాటిన దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం, ఛాతీలో నొప్పి, ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి, వీటిలో ఏది ఉన్నా డైరీ రాస్తూ కూర్చోవద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు మీకు మీరే ఆపొద్దు. మన అబ్బాయి విషయంలో కూడా అంతే. బీపీ ఎందుకు పెరిగిందో వెతకడం ఒక పని, పెరిగిన బీపీని డాక్టరు సలహాతో అదుపులో పెట్టడం ఇంకో పని. రెండూ ఒకేసారి సాగాలి.

ఈ వారం సాధన: నిదాన పంచకం డైరీ

రోగాన్ని అర్థం చేసుకోవడానికి మాధవ నిదానం లాంటి గ్రంథాలు ఐదు మెట్లు చెబుతాయి. వైద్యుల కోసం చెప్పిన ఆ ఐదింటినీ మనం డైరీలో ఐదు గడులుగా వాడుకుందాం.

1. నిదానం: ఈ బాధ మొట్టమొదట వచ్చింది ఎప్పుడు? దానికి ముందు ఆరు నెలల్లో ఏం మారింది? ఊరు, ఉద్యోగం, అప్పు, పెళ్లి మాటలు, ఇంట్లో జబ్బు, మరణం. చిన్నదైనా సరే రాయండి.

2. పూర్వరూపం: బాధ రాకముందు ఒళ్లు ఇచ్చే సైగ ఏమిటి? మెడ బిగుసుకోవడం, చిరాకు, పదేపదే ఆవలింతలు?

3. రూపం: అసలు బాధ. ఏ వారం, ఏ గంట, ఎంతసేపు.

4. ఉపశయం: ఏం చేస్తే తగ్గింది? ఏం చేస్తే పెరిగింది?

5. సంప్రాప్తి: ఇవన్నీ కలిపి చూస్తే రోగం ఏ దారిలో నడిచి వచ్చింది?

మన అబ్బాయి మూడు వారాలు రాశాడనుకుందాం. తలనొప్పి ఎక్కువగా ఆదివారం సాయంత్రం వస్తోంది, తిరుపతిలో బెంగళూరు బస్సు ఎక్కే వేళకి. కడుపు మంట రాత్రి ఆలస్యంగా క్లయింట్ కాల్ ఉన్న రోజుల్లో వస్తోంది. ఉపశయం గడిలో ఒక ఆశ్చర్యం కనబడింది. సంక్రాంతికి నాలుగు రోజులు ఇంట్లో ఉన్నప్పుడు సంగటి, అమ్మ చేసిన కారం కారం ఊరిబిండి పొట్టనిండా తిన్నాడు. మంట రాలేదు. అంటే ఇన్నాళ్లూ నేరం మోపిన మిరపకాయ ఒక్కటే ముద్దాయి కాదన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్లి నిదానం గడి నింపుతుంటే అసలు విషయం బయటపడింది. రెండేళ్ల కిందట టీమ్ మారింది, జీతం తగ్గింది. చెల్లెలి చదువు కోసం తీసిన లోను ఉంది. నాన్న బాధపడతాడని ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ప్రతి శని, ఆదివారాలు నవ్వుతూ నటించి, ఆదివారం సాయంత్రం బస్సు ఎక్కుతున్నాడు. దాచిన మాట, దానివల్ల పోయిన నిద్ర, నిద్ర లేక తాగే కాఫీలు, పదకొండు గంటలకి తిండి, ఆ వెంటనే పడక. ఇదీ సంప్రాప్తి. ఏ స్కాన్‌లోనూ ఇది కనబడదు.

ఈ దారి కనబడ్డాక ఎక్కడ ఆపాలో కూడా కనబడుతుంది. భగవద్గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు ఇలాంటి గొలుసే చూపిస్తాడు. ఒక విషయాన్నే తలుచుకోవడం దగ్గర మొదలై, కోరిక, కోపం, మోహం మీదుగా బుద్ధినాశం దాకా. గొలుసు చివర లాగడం కష్టం, మొదటి కొక్కెం దగ్గర విప్పడం తేలిక. ఆరో అధ్యాయంలో తిండి, తిరుగుడు, పని, నిద్ర అన్నీ మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖం పోగొడుతుంది అంటాడు. మన అబ్బాయికి మొదటి కొక్కెం నాన్నతో అరగంట మాట్లాడటం. రెండోది తొమ్మిదికల్లా తినేయడం. డాక్టరు దగ్గరికి ఈసారి వెళ్లేటప్పుడు ఈ డైరీ కూడా తీసుకెళితే, "టెన్షన్" అనే ఒక్క మాటకు బదులు ఆయన చేతిలో మూడు వారాల సాక్ష్యం ఉంటుంది.

మూడు చికిత్సలు, ఒకే ఊరు

చరకుడు చికిత్సను కూడా మూడుగా చెప్పాడు. దైవవ్యపాశ్రయం: మంత్రం, పూజ, వ్రతం, తీర్థయాత్ర. యుక్తివ్యపాశ్రయం: యుక్తిగా ఎంచిన ఆహారం, ఔషధం. సత్త్వావజయం: మనసును పాడుచేసే వాటి నుంచి దాన్ని వెనక్కి తిప్పుకోవడం. ఒకటి ఉంటే ఇంకోటి అక్కర్లేదని ఆయన అనలేదు.

మన తిరుపతి వైపు ఒకసారి చూడండి. పైన స్వామి ఉన్నాడు. కింద స్విమ్స్, రుయా ఆసుపత్రులున్నాయి. టీటీడీయే నడిపే ఎస్వీ ఆయుర్వేద కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి. కొండని నమ్మే దేవస్థానమే ఆసుపత్రులు కూడా కట్టించింది. గుండె జబ్బు, ఆస్తమా లాంటివి ఉన్నవాళ్లు నడకదారిన రావొద్దని సలహా ఇచ్చేది కూడా ఆ దేవస్థానమే. కాబట్టి "మొక్కుకున్నాను, మందు మానేశాను" అనేది స్వామి మీద భక్తి అనిపించుకోదు.

మూడోది మాత్రం మనం తలుపు మూసేసిన గది. మనసు బాగా లేదని చెప్పడానికి ఇంకా సిగ్గుపడుతున్నాం. ఎవరితో చెప్పాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉచిత హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

చివరిగా ఒక్క మాట. ఈ పాఠాన్ని ఎవరి మీదా ఆయుధంగా వాడొద్దు. జబ్బుతో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి "నువ్వు ఎక్కువ ఆలోచిస్తావు, అందుకే వచ్చింది", "పూర్వజన్మ కర్మ" అనకండి. అలా అంటే వ్యాధికి ఇంకో ఆధిని జత చేసినట్టే. వాళ్ల పక్కన కూర్చుని "ఎప్పటి నుంచి ఉంది? అప్పుడు ఏం జరిగింది?" అని అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. మెట్ల మీద పడిపోయిన పిల్లాడికి అమ్మ చేసింది అదే. ముందు చూసింది, తర్వాత చెప్పింది, ఆ వెంటనే అన్నం పెట్టింది.

ఈ రాత్రి పడుకునే ముందు డైరీలో మొదటి గడి ఒక్కటి నింపండి. మిగతావి నిదానంగా నిండుతాయి. వచ్చే వారం సత్త్వావజయం గురించి, దానికి నామజపం ఎలా తోడవుతుందో చెప్పుకుందాం.

శుభం. గోవిందా గోవింద!